యాసిడ్ సీసా నుంచి పొటాష్ బస్తా దాకా: బడి ల్యాబ్ మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు బడి ల్యాబ్ గురించే. రాసినవాళ్లలో టీచర్లున్నారు, ల్యాబ్ అటెండర్లున్నారు, పదో తరగతి పిల్లలూ ఉన్నారు. అందరి బెంగా ఒక్కటే: ప్రయోగం చేయిస్తే ఏం జరుగుతుందోనన్న భయం, చేయించకపోతే పాఠం పిల్లలకు ఎక్కదన్న బాధ. ప్రయోగాలు మానేయమని మేం ఎవరికీ చెప్పం. ఎంత తీసుకోవాలో, ఏది ముందు పోయాలో, మిగిలినదాన్ని ఏం చేయాలో తెలుసుకుని చేయమంటాం. పేర్లు వేయవద్దని కొందరు కోరారు కనుక ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: మా ల్యాబ్‌లో గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం సీసా ఒక్కటే ఉంది. పిల్లలకు సజల ఆమ్లం నేనే తయారుచేయాలి. యాసిడ్‌నే నీళ్లలో పోయాలని తెలుసు. కొలతలు, పద్ధతి వివరంగా చెప్పండి. (భౌతిక శాస్త్రం స్కూల్ అసిస్టెంట్, ప్రకాశం జిల్లా)

జవాబు: బజారులో దొరికే గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం సుమారు 98 శాతం ఉంటుంది, అంటే 18 మోలార్ (లీటరు ద్రావణంలో 18 మోల్‌లు) పైచిలుకు. హైస్కూలు ప్రయోగాలకు 1 మోలార్ చాలు. అర లీటరు 1 మోలార్ ద్రావణానికి కావలసిన గాఢ ఆమ్లం 27 నుంచి 28 మి.లీ. మాత్రమే.

ఒక లీటరు బోరోసిలికేట్ బీకరులో 350 మి.లీ. చల్లని నీళ్లు పోయండి. బీకరును అంగుళం లోతు చన్నీళ్లున్న ప్లాస్టిక్ టబ్బులో నిలబెట్టండి. ఆమ్లాన్ని చిన్న కొలజాడీలో కొలిచి, గాజు కడ్డీ మీదుగా 5 మి.లీ. చొప్పున సన్నని ధారగా వదులుతూ కలపండి. ప్రతి విడత తర్వాత బీకరు బయట చేయి ఆనించి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఆగండి, చల్లబడ్డాక తర్వాతి విడత పోయండి. మొత్తం ఆమ్లాన్ని ఒక్కసారే పోస్తే ఆ 350 మి.లీ. నీళ్లు సుమారు 20 డిగ్రీలు వేడెక్కుతాయి. పూర్తిగా చల్లారాకే 500 మి.లీ.కి నీళ్లు చేర్చండి. వేడిగా ఉన్నప్పుడు చేరిస్తే కొలతే తప్పుతుంది.

నీళ్లను ఆమ్లంలో పోస్తే ఏమవుతుందో పిల్లలకు కారణంతో చెప్పండి. గాఢ ఆమ్లం సాంద్రత 1.84, నీళ్లకు దాదాపు రెట్టింపు బరువు. పోసిన నీళ్లు కిందికి దిగక ఆమ్లం మీద పలుచని పొరగా తేలతాయి. పుట్టిన వేడంతా ఆ పొరలోనే చిక్కుకుని, ఆ నీళ్లు అక్కడికక్కడే మరిగి ఆమ్లాన్ని మొహం మీదికి చిమ్ముతాయి. ఆమ్లాన్ని నీళ్లలో పోస్తే అది అడుగుకు దిగుతూ వేడిని అన్ని నీళ్లకూ పంచుతుంది.

ఎక్కువ ప్రమాదాలు జరిగేది పాత్రల దగ్గర. కొలజాడీలోనే నేరుగా ఆమ్లాన్ని పలుచన చేయకండి, మందపు గాజు వేడికి పగులుతుంది. జామ్ సీసాలతోనూ అదే ఇబ్బంది. గాఢ ఆమ్లాన్ని ఖాళీ కూల్‌డ్రింక్ బాటిల్లో పోసి పక్క గదికి తీసుకెళ్లే అలవాటు కొన్ని బడుల్లో ఉంది. ఆ బాటిల్ మెత్తబడి కారడం ఒక ప్రమాదం, తాగేదనుకుని ఎవరో ఎత్తుకోవడం అంతకంటే పెద్ద ప్రమాదం. కళ్లజోడు పక్కల నుంచీ మూసి ఉండేదే కావాలి. మామూలు చత్వారం అద్దాలు దానికి సాటిరావు. ఆసుపత్రి వాళ్లు వాడే పలుచని రబ్బరు తొడుగులు గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని ఎక్కువసేపు ఆపలేవు. మందపాటి నియోప్రీన్ తొడుగులు తెప్పించండి. చున్నీ, పైట కొంగు పిన్నుతో బిగించి, పైన నూలు ఏప్రాన్ వేసుకోండి.

హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి ఇంత వేడి ఉండదు, కానీ మూత తీయగానే పొగ లేస్తుంది. కిటికీ పక్కన తీయండి. 35 శాతం ఆమ్లమైతే అర లీటరు 1 మోలార్‌కు 44 మి.లీ. సరిపోతుంది.

ప్రశ్న: చేతి మీద యాసిడ్ పడితే వంటసోడా రాయాలా? సున్నం పడితే నిమ్మరసం వేయాలా? మా ల్యాబ్ గోడ మీద అలాగే రాసి ఉంది. (ల్యాబ్ అటెండర్, నల్గొండ)

జవాబు: ఆ రాత ఈ రోజే చెరిపేయించండి. చర్మం మీద ఆమ్లాన్ని క్షారంతో తటస్థం చేయబోతే ఆ చర్యలో మళ్లీ వేడి పుడుతుంది, అదీ గాయం మీదే. వంటసోడా వెతుక్కునే ఆ ఒకటి రెండు నిమిషాల్లో ఆమ్లం లోపలికి దిగిపోతుంది. వెంటనే కుళాయి కింద పెట్టండి. ధారగా నీళ్లు, కనీసం 15 నుంచి 20 నిమిషాలు, గడియారం చూసి మరీ. బట్టల మీద పడితే మొహమాటపడకుండా బట్టలు తీసేయించండి, పైన నీళ్లు పోస్తూనే. వంటసోడా బల్ల మీద, నేల మీద ఒలికినదానికి పనికొస్తుంది. దాని స్థానం అక్కడే.

కళ్లలో పడితే రెప్పల్ని వేళ్లతో తెరిచి పట్టుకుని, ముక్కు వైపు నుంచి చెవి వైపుకు నీళ్లు పారేలా తల వంచి కడగాలి. రెండో కంట్లోకి ఆ నీళ్లు పోకూడదు. 20 నిమిషాలు కడుగుతూనే ఎవరిచేతైనా 108కి ఫోన్ చేయించండి. మంట తగ్గిందని ఆపవద్దు.

సున్నం సంగతి వేరుగా చెప్పాలి. కాల్షియం ఆక్సైడ్‌ను నీళ్లలో వేసే ప్రయోగం పదో తరగతిలో ఉంది. పొడి సున్నం చర్మం మీద పడితే ముందు పొడి గుడ్డతో దులిపి, ఆ తర్వాత ధారాళంగా నీళ్లు పోయాలి. దులపకుండా నాలుగు చుక్కలు చల్లితే చర్మం మీదే ఉడుకుతుంది. కంట్లో పడితే మాత్రం దులపడానికి ఆగకండి, నేరుగా నీళ్లే. ఆమ్లం కంటే క్షారమే కంటికి ఎక్కువ చేటు. ఆమ్లం తగిలినచోట కణజాలం గడ్డకట్టి కొంతవరకు తానే అడ్డుగోడ అవుతుంది. క్షారం కొవ్వును కరిగించుకుంటూ లోపలికి పోతూనే ఉంటుంది. తాంబూలం సున్నం పొట్లం పిల్లవాడి కంట్లో చిట్లినా ఇదే చేయాలి.

ల్యాబ్‌లో కుళాయి లేకపోతే ప్రయోగం ఉన్న రోజున మూత ఉన్న 20 లీటర్ల నీళ్ల క్యాన్ రెండు, పొడవాటి రబ్బరు గొట్టంతో సిద్ధంగా ఉంచండి. నిండు బిందె పెట్టి చెంబుతో పోస్తే ఎన్ని నిమిషాలు వస్తాయో ముందే ఒకసారి చూసుకోండి. చాలవని తెలుస్తుంది.

ప్రశ్న: లెడ్ నైట్రేట్ వేడిచేసే కృత్యం పుస్తకంలో ఉంది. గోధుమరంగు పొగ చూసి పిల్లలు దగ్గారు. ఈ ఏడాది చేయించాలా, మానాలా? (ఉపాధ్యాయిని, తూర్పు గోదావరి)

జవాబు: నలభై మంది కిక్కిరిసిన గదిలో అయితే మానండి. ఆ పొగ నైట్రోజన్ డైఆక్సైడ్. పీల్చిన వెంటనే దగ్గు వచ్చి తగ్గినట్టుంటుంది, అసలు ఊపిరితిత్తుల వాపు కొన్ని గంటల తర్వాత కూడా రావచ్చు. అందుకే ఎక్కువ పీల్చిన పిల్లవాడిని బాగానే ఉన్నాడు కదా అని ఇంటికి పంపేయకూడదు, తల్లిదండ్రులకు చెప్పి డాక్టరుకు చూపించాలి. మీ దగ్గర దగ్గిన పిల్లల్లో ఆయాసం ఉన్నవాళ్లెవరో తెలుసుకుని హాజరు పట్టికలో గుర్తు పెట్టుకోండి. ఫెర్రస్ సల్ఫేట్‌ను వేడిచేసే కృత్యంలో వచ్చే గంధకపు పొగలు వాళ్లకు ఇంకా ఇబ్బంది.

చేసి తీరాలనుకుంటే మీరొక్కరే వరండాలో, గాలి పిల్లల వైపు నుంచి మీ మీదుగా అవతలికి వీచేటట్టు నిలబడి, చిటికెడు, అంటే 0.3 గ్రాములతో చేయండి. గట్టి పరీక్షనాళిక వాడండి. వేడి తగలగానే స్ఫటికాలు చిటపటమని పేలి బయటికి ఎగురుతాయి కాబట్టి నాళిక మూతి మనుషులు లేని వైపు ఉండాలి. అడుగున మిగిలే పసుపు లెడ్ ఆక్సైడ్ గాజుకు కరుచుకుంటుంది, ఆ నాళిక ఇక కడగడానికి రాదు. దాన్ని అలాగే మూత డబ్బాలో దాచండి.

వియోగ చర్య (ఒక పదార్థం వేడికి విడిపోవడం) చూపించడమే మీ ఉద్దేశమైతే కాపర్ కార్బనేట్ హాయి. ఒక గ్రాము ఆకుపచ్చ పొడిని పొడి నాళికలో వేడిచేస్తే రెండు మూడు నిమిషాల్లో నల్లబడుతుంది. వాయువును సున్నపు తేటలోకి పంపితే తెల్లబడుతుంది. మంట తీసేముందు గొట్టాన్ని సున్నపు తేటలోంచి బయటికి లాగడం మరవకండి, లేకపోతే చల్లారే నాళిక నీళ్లను వెనక్కి పీల్చుకుని పగులుతుంది. రంగు మార్పు, వాయువు, పరీక్ష మూడూ ఇందులో ఉన్నాయి. మా మాట అడిగితే తరగతి గదికి ఇదే సరైన ప్రయోగం.

లెడ్ నైట్రేట్, పొటాషియం అయొడైడ్ కలిపి పసుపు అవక్షేపం చూపేటప్పుడు కూడా పరీక్షనాళికల నిండా పోయనక్కర్లేదు. 0.1 మోలార్ ద్రావణాలు పది చుక్కల చొప్పున చాలు. సీసం ఉన్నది ఏదీ సింకులో పోయకండి. గ్రామాల్లో ఆ నీళ్లు చివరికి బడి వెనక మొక్కల్లోకో బోరు పక్కకో చేరతాయి. అన్నీ ఒక వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బాలో పోసి, వాషింగ్ సోడా ద్రావణం కలిపితే సీసం అడుగున తెల్లగా దిగుతుంది. పైతేట ఎండిపోయాక మిగిలిన ముద్దను ‘సీసం, విషం’ అని రాసి తాళం వేసి ఉంచండి. మన రెండు రాష్ట్రాల్లో ప్రమాదకర వ్యర్థాలను తీసుకునే కేంద్రాలు దుండిగల్‌లోనూ పరవాడలోనూ ఉన్నాయి. ఒక్క బడి డబ్బా కోసం బండి రాదు కాబట్టి మండలంలోని బడులన్నీ కలిసి కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి రాయడం మేలు.

ప్రశ్న: సైన్స్ ఫెయిర్‌లో అమ్మోనియం డైక్రోమేట్‌తో అగ్నిపర్వతం చేద్దామనుకుంటున్నాను. మా సర్ పర్మిషన్ ఇవ్వడం లేదు. మీరైనా చెప్పండి. (పదో తరగతి విద్యార్థి, కరీంనగర్)

జవాబు: మీ సర్ మాటే సరైనది, బాబూ. ఆ నారింజ పొడిలో ఉన్నది ఆరు సంయోజకత గల క్రోమియం. అది కేన్సర్ కారకం. మండినప్పుడు పైకి లేచే ఆకుపచ్చ బూడిదతోపాటు మండకుండా మిగిలిన నారింజ పొడి కూడా ఎగురుతుంది. అది చూడ్డానికి ముందు వరసలో నిలబడేది చిన్న తరగతుల పిల్లలు.

నురగ పొంగు చేసి చూడు. మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ సాధారణంగా 6 శాతం, సీసా మీద 20 వాల్యూమ్ అని ఉంటుంది. 50 మి.లీ.కి అంతే నీళ్లు కలిపితే 3 శాతం అవుతుంది. దాన్ని సన్నని మూతి సీసాలో పోసి గిన్నెలు తోమే ద్రవం ఒక చెంచా కలుపు. వేరే గ్లాసులో ఒక టీస్పూను పొడి ఈస్ట్‌ను 30 మి.లీ. గోరువెచ్చని నీళ్లలో కలిపి ఐదు నిమిషాలు ఉంచి ఇందులో పోయి. ఈస్ట్‌లోని కెటలేజ్ అనే ఎంజైమ్ పెరాక్సైడ్‌ను నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది, నురగ మెడ దాటి పొంగుతుంది. సీసా వెచ్చబడుతుంది, అది కూడా చూసేవాళ్లచేత ముట్టించి చూపు. కళ్లద్దాలు పెట్టుకో. ఇంకా ఎత్తుగా పొంగాలని 30 శాతం పెరాక్సైడ్ మాత్రం తేవద్దు, అది చర్మాన్ని క్షణాల్లో తెల్లగా కాలుస్తుంది.

ప్రశ్న: సోడియం సీసాలో కిరోసిన్ ఇంకిపోయి ముక్కలన్నీ తెల్లగా బూజు పట్టినట్టున్నాయి. పారేయాలా? నీళ్లలో వేసి వదిలించుకోవచ్చా? (హెచ్.ఎం., అనంతపురం జిల్లా)

జవాబు: నీళ్లలో వద్దు, చెత్తకుప్పలో అసలే వద్దు. ముందు సీసా మీద చీటీ చూడండి. అది పొటాషియం అయితే, పైపొర పసుపు లేక నారింజ రంగుకు తిరిగి ఉంటే, మూత కూడా తీయవద్దు. పొటాషియం నిల్వలో సూపర్ ఆక్సైడ్ కడుతుంది. దాన్ని కత్తితో కోస్తే ఆ ఒత్తిడికే పేలవచ్చు. దాన్ని దగ్గర్లోని డిగ్రీ కళాశాల రసాయన శాస్త్ర విభాగం ద్వారానో అగ్నిమాపక శాఖ ద్వారానో పంపించేయాలి.

సోడియం మీది తెల్లపొర ఎక్కువగా కార్బనేట్, హైడ్రాక్సైడ్. ముక్కలు మునిగేదాకా వెంటనే కిరోసిన్ గానీ లిక్విడ్ పారఫిన్ గానీ పోయండి. పొడి పట్టకారుతో ఒక ముక్క తీసి, వడపోత కాగితం మీద అద్ది, కత్తితో చెక్కితే లోపల వెన్నలా మెత్తగా, వెండిలా మెరుస్తుంది. ఆ మెరుపు చూస్తుండగానే నిమిషంలోపు మసకబారుతుంది. పిల్లలకు ఆ ఒక్కటి చూపినా పాఠం సగం అయినట్టే.

పనికిరాని చెక్కులను 100 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో పెసరగింజంత ముక్కలుగా, ఒకటి కరిగాక ఒకటి వేయండి. సన్నని బుడగలు వస్తాయి, అది హైడ్రోజన్. ఆరుబయట, దరిదాపుల్లో మంట లేకుండా, పాత్రకు మూత పెట్టకుండా చేయాలి. బుడగలు ఆగాక రాత్రంతా వదిలి, మర్నాడు కొంచెం కొంచెంగా నీళ్లు చేర్చండి. కత్తిని, వడపోత కాగితాన్ని కూడా అదే ఆల్కహాల్‌లో ముంచాలి. చెత్తబుట్టలో మంట మొదలయ్యేది చాలాసార్లు ఆ కాగితం నుంచే.

నీళ్లలో వేసి చూపేటప్పుడు ముక్క బియ్యపుగింజంతే ఉండాలి. సోడియం 98 డిగ్రీలకే కరుగుతుంది. చిన్న ముక్క గుండ్రటి పూసలా కరిగి నీటి మీద పరుగెడుతూ వేడిని నీళ్లకు వదిలేస్తుంది. పెద్ద ముక్క ఆ వేడిని వదల్లేక హైడ్రోజన్‌ను అంటిస్తుంది, కరిగిన లోహాన్నీ క్షారాన్నీ చుట్టూ చిమ్ముతుంది. కాగితం మీద నిలబెడితే ముక్క కదలదు, వేడి ఒకేచోట చేరి మండుతుంది. కాబట్టి పిల్లలకు చూపేటప్పుడు కాగితం వద్దు. వెడల్పాటి గాజు తొట్టిలో సగానికి నీళ్లు, రెండు చుక్కల ఫినాఫ్తలీన్ (క్షారం తగిలితే గులాబీ రంగుకు తిరిగే సూచిక), ముందు పారదర్శక ప్లాస్టిక్ తెర, పిల్లలు రెండు మీటర్ల దూరాన. ముక్క మాయమైందనుకున్న క్షణంలో చివరి పూస టప్పున పేలుతుంది. తొంగి చూడ్డానికి అప్పుడే అందరూ ముందుకు వంగుతారు. ఆ చప్పుడు వినేదాకా ఎవరూ కదలకూడదని ముందే చెప్పండి.

ప్రశ్న: సారా దీపంలో స్పిరిట్ అయిపోతే ఆర్పకుండానే పోస్తున్నారు. ఎప్పుడూ ఏమీ కాలేదంటున్నారు. (తల్లిదండ్రుల కమిటీ సభ్యురాలు, గుంటూరు)

జవాబు: ఇప్పటిదాకా కాలేదంటే మంట సీసా మూతికి చేరలేదు, అంతే. స్పిరిట్ పోసేటప్పుడు ద్రవం కంటే ముందు దాని ఆవిరి మంటను చేరుతుంది. మంట ఆ ధార వెంట వెనక్కి పాకి, సగం ఖాళీగా ఉన్న పెద్ద సీసాలోకి దూరితే లోపలి ఆవిరి అంటుకుని, మండే స్పిరిట్ పిచికారీలా ఎదురుగా ఉన్న బెంచీ మీదికి కొడుతుంది. పోసినవాళ్లకు చిన్న గాయం, ఎదుట కూర్చున్న పిల్లకు పెద్ద గాయం అయ్యేది అందుకే.

ఆర్పి, చల్లారాక, గరాటుతో, మూడింట రెండు వంతులకు మించకుండా నింపాలి. మూడో వంతుకు తగ్గితే వాడటం ఆపాలి, ఎందుకంటే ఖాళీ జాగాలో ఆవిరి, గాలి పేలే పాళ్లలో కలుస్తాయి. ఒక దీపాన్ని వంచి మరో దీపం వెలిగించవద్దు. నోటితో ఊదవద్దు, టోపీతో ఆర్పాలి. పెద్ద సీసా ప్రయోగం జరిగే గదిలోనే ఉండకూడదు. మిథనాల్ కలిసిన స్పిరిట్ మంట ఎండ పడే కిటికీ పక్కన కంటికి కనిపించదు, ఆరిపోయిందనుకుని పోసేది అందుకే. చేతులకు శానిటైజర్ రాసుకుని వెంటనే దీపం దగ్గరికి వచ్చే పిల్లలను కూడా గమనించండి.

బట్టలకు అంటుకుంటే పరిగెత్తనివ్వకండి, పడుకోబెట్టి దొర్లించి, తడి నూలు దుప్పటి కప్పండి. కాలినచోట 20 నిమిషాలు చల్లని నీళ్లు. టూత్‌పేస్టు, సిరా, పసుపు ఏవీ పూయవద్దు.

ప్రశ్న: మరుగుదొడ్లు కడిగేటప్పుడు బ్లీచింగ్ పౌడర్ చల్లి పైన యాసిడ్ పోస్తున్నారు. ఇది ల్యాబ్ ప్రశ్న కాదేమో. (ఉపాధ్యాయుడు, ఖమ్మం)

జవాబు: ల్యాబ్ ప్రశ్నే. ల్యాబ్‌లో క్లోరిన్ తయారుచేసే పద్ధతి అదే. తలుపు మూసిన చిన్న గదిలో ఆయమ్మ ఒక్కరే దాన్ని పీలుస్తున్నారు. రెండింటిలో ఏదో ఒకటే వాడాలి, మధ్యలో నీళ్లతో బాగా కడగాలి, రెండు డబ్బాలూ ఒకే అరలో ఉండకూడదు. ఘాటు తగిలితే బకెట్ అక్కడే వదిలి బయటికి వచ్చేయాలి. క్లోరిన్ గాలికంటే బరువు కాబట్టి నేల దగ్గరే తిష్ఠ వేస్తుంది, స్పృహ తప్పి కూలినవాళ్లకు ఇంకా ప్రమాదం. ఈ మాట ఆమెకు మీరే స్వయంగా, గౌరవంగా కూర్చోబెట్టి చెప్పండి.

ప్రశ్న: స్టోర్ బీరువాలో ఇరవై ముప్పై ఏళ్ల నాటి సీసాలున్నాయి. అక్షర క్రమంలో సర్దమన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? (జూనియర్ కళాశాల ల్యాబ్ అసిస్టెంట్, విజయనగరం)

జవాబు: ముట్టుకోకుండా మొదలుపెట్టండి. టార్చి వేసి చీటీలు చదివి కాగితం మీద రాసుకోండి. పిక్రిక్ ఆమ్లం అన్న పేరు కనిపిస్తే, పసుపు స్ఫటికాలు పొడిగా ఉన్నా, మూత చుట్టూ పొడి అంటుకుని ఉన్నా, సీసాను కదపకుండా గది తాళం వేసి పోలీసుల బాంబ్ స్క్వాడ్‌కు కబురు చేయండి. తడిగా ఉన్నంతకాలం అది మామూలు రసాయనమే, ఎండితే పేలుడు పదార్థం. మూత తిప్పే రాపిడి చాలు. పాత ఈథర్ సీసాలో మూత దగ్గర స్ఫటికాలు కనిపించినా ఇంతే జాగ్రత్త, అవి పెరాక్సైడ్‌లు.

అక్షర క్రమం ల్యాబ్‌కు పనికిరాదు. ఆ పద్ధతిలో ఎసిటిక్ ఆమ్లం పక్కకు నైట్రిక్ ఆమ్లం రాకపోవచ్చు గానీ, పొటాషియం క్లోరేట్ పక్కన ఫాస్ఫరస్ వచ్చి కూర్చోవచ్చు. ఆ రెండూ కలిస్తే చిన్న రాపిడికే పేలతాయి. గుణాన్నిబట్టి సర్దండి. ఆమ్లాలు కింది అరలో, ప్లాస్టిక్ ట్రేలో, కంటి ఎత్తుకు ఎప్పుడూ పైన కాదు. నైట్రిక్ ఆమ్లానికి విడి ట్రే. అమ్మోనియా వేరే బీరువాలో. హైడ్రోక్లోరిక్ ఆమ్లం దగ్గర ఉంటే సీసాలన్నిటి మీద తెల్లటి పొడి పేరుకుంటుంది, అది అమ్మోనియం క్లోరైడ్. పర్మాంగనేట్, క్లోరేట్, నైట్రేట్‌లు గంధకానికి, బొగ్గుపొడికి, గ్లిజరిన్‌కు, స్పిరిట్‌కు దూరంగా. పర్మాంగనేట్ మీద గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం ఒక్క చుక్క కూడా పడకూడదు.

పగిలిన థర్మామీటర్ల పాదరసం కనిపిస్తే చీపురుతో ఊడవకండి. చీపురు ఒక్కో బొట్టును నూరు బొట్లు చేస్తుంది, ఆవిరయ్యే వైశాల్యం పెరుగుతుంది. కిటికీలు తీసి, ఫ్యాన్ ఆపి, రెండు గట్టి అట్టముక్కలతో బొట్లను ఒకచోటికి తోసి డ్రాపర్‌తో పీల్చి, నీళ్లున్న చిన్న సీసాలో వేయండి. పగుళ్లలో దూరినదాని మీద గంధకం పొడి చల్లి మర్నాడు ఎత్తండి. ఇకమీదట ఎర్ర ఆల్కహాల్ థర్మామీటర్లే కొనండి.

ప్రశ్న: రేడియోధార్మికత పాఠం బోర్డు మీదే అయిపోతోంది. గైగర్ కౌంటర్ (వికిరణాన్ని లెక్కించే పరికరం) ఒకటి సంపాదించాం. సోర్సు (వికిరణం వెలువరించే పదార్థం) ఎక్కడ దొరుకుతుంది? పెట్రోమాక్స్ మాంటిల్ వాడవచ్చంటున్నారు. (భౌతిక శాస్త్రం లెక్చరర్, పశ్చిమ గోదావరి)

జవాబు: మీ జిల్లాలో అది ఎరువుల కొట్లో దొరుకుతుంది. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్, అంటే పొటాషియం క్లోరైడ్. ప్రకృతిలోని ప్రతి పదివేల పొటాషియం పరమాణువుల్లో సుమారు ఒకటి పొటాషియం-40, అంటే దాని రేడియోధార్మిక రూపం. దాని అర్ధాయువు (సగం పరమాణువులు విచ్ఛిన్నమయ్యే కాలం) దాదాపు 125 కోట్ల సంవత్సరాలు. స్వచ్ఛమైన పొటాషియం క్లోరైడ్ గ్రాములో సెకనుకు 16 పరమాణువులు విచ్ఛిన్నమవుతాయి. రైతు చేత్తో చల్లే ఎరువు ఇది, దీనికి ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. మన ఒంట్లోని పొటాషియం కూడా ఇదే పని చేస్తోంది: 70 కిలోల మనిషిలో సెకనుకు 4 వేలకు పైగా.

పావు కిలో పొటాష్‌ను వెడల్పాటి పళ్లెంలో అంగుళం మందాన పరవండి. అలాంటిదే మరో పళ్లెంలో అంతే యూరియా. యూరియాలో పొటాషియం లేదు కాబట్టి పోలికకు అది సరైనది. డీఏపీ వద్దు, ఫాస్ఫేటు శిల నుంచి వచ్చిన కొద్దిపాటి యురేనియం అందులో ఉండవచ్చు, పోలిక చెడుతుంది. కౌంటర్ గొట్టానికి పలుచని ప్లాస్టిక్ చుట్టి, పొడికి అర సెం.మీ. ఎత్తులో స్టాండుకు బిగించండి. ముందు ఖాళీ పళ్లెంతో 10 నిమిషాలు, తర్వాత యూరియాతో 10, పొటాష్‌తో 10.

ఈ పది నిమిషాల దగ్గర చాలామంది తొందరపడతారు. ఉదాహరణకు నేపథ్య వికిరణం (పరిసరాల్లో ఎప్పుడూ ఉండేది) నిమిషానికి 25, పొటాష్‌తో 40 వచ్చాయనుకోండి. ఒక్క నిమిషం లెక్కలో 25కు 5, 40కి 6 అటూ ఇటూ ఊగుతాయి (లెక్కింపు వర్గమూలమే ఆ ఊగు). ఒక్కోసారి తేడా కనిపించదు, పిల్లలు ప్రయోగం తప్పిందంటారు. పది నిమిషాల్లో 250కి 16, 400కి 20 మాత్రమే ఊగుతాయి, తేడా 150. ఇక అనుమానానికి తావుండదు. మీ కౌంటర్‌లో అంకెలు వేరుగా రావచ్చు, పద్ధతి ఇదే. తర్వాత మధ్యలో కాగితం పెట్టండి, మార్పు ఉండదు. రెండు మూడు మి.మీ. అల్యూమినియం పలక పెట్టండి, దాదాపు నేపథ్యానికి పడిపోతుంది. బీటా కణాలు ఆగిపోయాయన్నమాట. దూరం పెంచుతూ కొలవండి. చిన్న బిందువులాంటి సోర్సుకైతే దూరం రెట్టింపయితే తీవ్రత నాలుగో వంతు. వెడల్పాటి పళ్లెం దగ్గర్లో అంత కచ్చితంగా ఉండదు, ఎందుకో పిల్లలనే ఆలోచించమనండి.

మాంటిల్ వద్దనే మా సలహా. కొన్ని పాత మాంటిళ్లలో థోరియం అనే రేడియోధార్మిక లోహం ఉంటుంది, కౌంటర్ గట్టిగానే అరుస్తుంది. కానీ ఒకసారి వెలిగిన మాంటిల్ వేలు తగిలితే బూడిదవుతుంది. ఆల్ఫా కణాలు చర్మాన్ని దాటలేవు, ఆ బూడిద ఊపిరితోనో అన్నంతోనో లోపలికి వెళితే మాత్రం పక్కనే కూర్చుని దెబ్బతీస్తాయి. పాత రేడియం గడియారాల అంకెలు గీకడం, పొగ పసిగట్టే పరికరాలను విప్పి లోపలి అమెరీషియం ముక్క తీయడం కూడా ఈ కారణంతోనే కూడదు.

ప్రశ్న: మా అబ్బాయి తుమ్మలపల్లె వైపు నుంచి ఒక రాయి తెచ్చి యురేనియం అంటూ బడి అల్మారాలో పెట్టాడు. ప్రమాదమా? (తండ్రి, వైఎస్ఆర్ కడప జిల్లా)

జవాబు: తుమ్మలపల్లె ముడిఖనిజంలో యురేనియం శాతం చాలా తక్కువ. ఒక రాయిని చేత్తో పట్టుకున్నందుకు భయపడనక్కర్లేదు, సబ్బుతో చేతులు కడిగిస్తే చాలు. అయినా దాన్ని ఉంచుకోవద్దు. యురేనియం 1962 నాటి అణుశక్తి చట్టం కింద నియంత్రణలో ఉన్న పదార్థం. పైగా పగలగొడితే వచ్చే దుమ్ము, మూసిన అల్మారాలో చేరే రాడాన్ వాయువు పిల్లలకు అనవసరం. ఎక్కడిదో అక్కడికి చేర్చండి.

ఇంతకంటే పెద్ద జాగ్రత్త ఒకటుంది. పాత కళాశాల గదుల్లో మూడు రెక్కల నల్లగుర్తు ఉన్న పసుపు చీటీతో బరువైన సీసపు పెట్టె కనిపిస్తే విప్పకండి, పాత సామానుతో కలిపి వేలం వేయకండి. 2010లో ఢిల్లీ విశ్వవిద్యాలయం వాడకుండా వదిలేసిన కోబాల్ట్-60 పరికరం వేలంలో మాయాపురి తుక్కు దుకాణాలకు చేరింది. దాన్ని ముక్కలు చేసిన కార్మికుల్లో ఒకరు చనిపోయారు, మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు. గదికి తాళం వేసి, 112కి చెప్పి, అణుశక్తి నియంత్రణ మండలికి కలెక్టరు కార్యాలయం ద్వారా తెలియజేయండి.

ప్రశ్న: కాథోడ్ కిరణాల డిశ్చార్జి ట్యూబులు, వాటికి అధిక వోల్టేజి ఇచ్చే ఇండక్షన్ కాయిల్ మా దగ్గర ఉన్నాయి. షాక్ తప్ప వేరే ప్రమాదం ఉందా? (లెక్చరర్, వరంగల్)

జవాబు: ఉంది, ఎక్స్ కిరణాలు. వేగంగా వచ్చిన ఎలక్ట్రాన్లు గాజునో లోహపు పలకనో ఢీకొంటే అవి పుడతాయి. రాంట్‌జెన్ 1895లో వాటిని కనిపెట్టింది ఇలాంటి ట్యూబుతోనే. 5 కిలోవోల్టుల లోపు పుట్టేవి చాలా బలహీనం, గాజులోనే ఆగిపోతాయి. పాత ఇండక్షన్ కాయిల్ అంతకు ఎన్నో రెట్లు ఇవ్వగలదు, అప్పుడు పుట్టే కిరణాలు గాజును దాటి వస్తాయి. మాల్టీస్ క్రాస్ (శిలువ ఆకారపు లోహపు పలక) నీడ చూపే ట్యూబుల్లో శూన్యం ఎక్కువ కాబట్టి అవే ఎక్కువ అనుమానించాల్సినవి. లోపల గులాబీ రంగు వెలుగు నిండే ట్యూబుల్లో వాయువు ఎక్కువ, వాటితో బెడద తక్కువ.

కాయిల్ స్పార్క్ ఖాళీ జాగాను ట్యూబు వెలగడానికి సరిపడేంత చిన్నదిగా ఉంచండి. పొడి గాలిలో సూదిమొనల మధ్య ఒక సెం.మీ. స్పార్క్ అంటేనే సుమారు 10 కిలోవోల్టులు దాటినట్టు. పిల్లలు మూడు మీటర్ల దూరంలో, గది చీకటి చేస్తే అక్కడికీ స్పష్టంగా కనిపిస్తుంది. ఒకసారికి పది సెకన్లు, రోజుకు రెండు మూడు సార్లు. గొట్టానికి మొహం దగ్గరపెట్టి చూడటం, చేత్తో పట్టుకుని అయస్కాంతం తిప్పడం మాన్పించండి, అయస్కాంతాన్ని పొడవాటి చెక్కకు కట్టండి. మీ దగ్గర గైగర్ కౌంటర్ ఉంటే, ట్యూబు వెలిగించి పిల్లలు కూర్చునే మొదటి బెంచీ దగ్గర ఒకసారి కొలవండి. అక్కడ లెక్క నేపథ్యాన్ని మించితే బెంచీలు ఇంకా వెనక్కి జరపండి.